మక్కచేనుకు కావలి ఉన్న సార్

మా సోషియాలజీ సార్ పోయారన్న కబురు నాకు పంచాయతీ ఆఫీసులో అందింది. అప్పుడు నా ఎదుట ఒక పెద్దాయన నిలబడి, కోతులు తన ఇంటి పెంకులు ఎట్లా పీకాయో రెండు చేతులతో చేసి చూపిస్తున్నాడు. గూడూరు మండలంలో అడవి అంచున ఉన్న ఒక ఊరికి నేను కార్యదర్శిని. మా దగ్గరికొచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కోతుల మీదే. ఫోన్ చేసింది డిగ్రీలో నా పక్కన కూర్చున్న స్నేహితురాలు. "సార్ లేరే. పొద్దుగాల జనగామల, ఇంట్లనే. ఛాయ్ తాగి కుర్చీల కూసున్నోళ్లు కూసున్నట్టే పోయిన్రట" అంది. నేను ఫోన్ పక్కన పెట్టి ఏడుస్తుంటే పెద్దాయన కంగారుపడ్డాడు. "పోనీ తియ్యి బిడ్డా, పెంకులు మళ్ల కప్పుకుంట. నువ్వు గంత మనసుల పెట్టుకోకు" అన్నాడు. ఏడుపులోనే నవ్వొచ్చింది. సార్ వింటే ఆ మాట నోట్‌బుక్కులో రాసుకునేవారు.

మహబూబాబాద్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం. సమాజానికీ ప్రకృతికీ ఉన్న సంబంధం గురించి పాఠం. సార్ పుస్తకం తెరవలేదు. కిటికీ బయట గోడ పక్కన ఒక బర్రె నిలబడి ఎవరిదో పరీక్ష అట్ట నములుతోంది. దాన్ని చూపించి, "గది ప్రకృతా, సమాజమా?" అని అడిగారు.

ప్రకృతే అన్నారు కొందరు. "మరి దానికి పలుపు ఎవరు కట్టిన్రు? పేరెవరు పెట్టిన్రు? దాని పాలు ఏ హోటల్‌కు పోతున్నయి?" అన్నారు సార్. అయితే సమాజమే అన్నారు ఇంకొందరు. "మరి ఎండకాలం గడ్డి లేకపోతే పాలెందుకు తగ్గుతయి?" అన్నారు. గంటసేపు క్లాసు రెండుగా చీలి కొట్లాడింది. చివరికి వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "పాలిచ్చినప్పుడు సమాజం సార్, పొడిచినప్పుడు ప్రకృతి" అన్నాడు. సార్ నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డారు. కళ్లు తుడుచుకుని, "పుస్తకంల నాలుగు పేజీలున్న ముచ్చట వీడు ఒక్క ముక్కల చెప్పిండు. మనకు మంచి జరిగితే మన గొప్ప అంటం, చెడు జరిగితే ప్రకృతి మీద ఏస్తం" అన్నారు. నాకు సోషియాలజీ ఇష్టం కావడం ఆ రోజే.

ఆయనకు ఒక అలవాటుండేది. ఎండలు మండుతున్నాయనో, వానలు లేవనో ఎవరైనా అంటే, "ఎవలకు?" అని అడిగేవారు. బస్సులో పక్కనున్నాయన "ఈసారి ఎండలు గట్టిగున్నయి సార్" అన్నా అదే ప్రశ్న. పాపం ఆయన బిత్తరపోయి, "అందరికీ" అనేవాడు. "అందరికీ ఒక్క తీరుగ కాదు కదా. కూలర్ ముంగట కూసున్నాయనకు ఒక తీరు, మిరపతోటల వంగినామెకు ఒక తీరు" అని మొదలుపెట్టేవారు. బస్సులో ఆయన పక్క సీటు చాలాసార్లు ఖాళీగా ఉండేది.

రెండో సంవత్సరంలో నేను కాలేజీ మానేశాను. మానేయాలని కాదు. మా రెండెకరాల మక్కజొన్న కంకి పట్టింది, కోతులు దిగాయి. అమ్మ మిరపకాయ ఏరడానికి పోయేది, నాయిన ట్రాక్టరు మీద కూలికి. ఇంట్లో ఖాళీగా కనబడింది నేనే. పొద్దున మంచె ఎక్కితే పొద్దుగూకే దాకా డబ్బా కొట్టడమే నా చదువు.

నెల తిరిగేసరికి సార్ పాత స్కూటర్ మీద మా ఊరొచ్చారు. ఆయన హాజరు పట్టీని కూడా పాఠంలాగే చదివేవారట. కంకుల కాలం రాగానే అడవి అంచు ఊళ్ల పిల్లలు కొందరు మాయమవుతున్నారనీ, వాళ్లంతా ఆడపిల్లలేననీ ఒక నోట్‌బుక్కులో రాసుకున్నారు. దాన్నీ, ఊరివాళ్లను అడగాల్సిన ప్రశ్నల కాగితాలనూ సంచిలో పెట్టుకుని వచ్చి, మా అరుగు మీద కూర్చుని, మా అవ్వను అడిగారు. "అవ్వా, ఈ కోతులు ఎప్పుడొచ్చినయి?"

"అవి ఎక్కడికెళ్లి వచ్చినయి సారూ? ఈడనే ఉండె, అడవిల" అంది అవ్వ. "తునికి పండ్లు, మొర్రి పండ్లు, మేడి పండ్లు తినుకుంట వాటి బతుకు అవి బతికినయి. ఆ చెట్లు కొట్టి జామాయిల్ తోటలు పెట్టిన్రు. జామాయిల్ ఆకు నువ్వు తింటవా?"

సార్ ఆనందానికి అంతు లేదు. రాసుకుందామని కాగితం కోసం చెయ్యి చాపితే సంచి లేదు. అది మా ఇంటి కప్పు మీద ఉంది. ఒక ముసలి కోతి దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఒక్కో కాగితం తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, చింపి కింద వేస్తోంది. నాయిన కట్టె తీసుకుని ఉరికాడు. సార్ ఆయన చెయ్యి పట్టి ఆపారు. "ఉండు. ఎవలను అడగాల్నో వాళ్లకే చేరినయి కాగితాలు. జవాబు చెప్పుతున్నది" అన్నారు. తర్వాత హాజరు నోట్‌బుక్కు కూడా చిరిగి రాలుతుంటే మాత్రం ఆయన ముఖం కొంచెం మాడింది.

పోయేముందు నాయినతో, "బిడ్డను పరీక్షలకైన పంపు" అన్నారు. నాయిన సరేనన్నాడు. సోషియాలజీ పరీక్ష రోజు తానే కావలి ఉంటానన్నాడు. కానీ ఆ పొద్దున అవ్వకు జ్వరం ముదిరింది. ఆమెను గూడూరు దవాఖానకు తీసుకుపోయాడు. నేను సార్‌కు ఫోన్ చేసి, రాలేనని చెప్పి, ఏడుస్తూ మంచె ఎక్కాను.

గంటన్నరకు చేను గట్టు మీద స్కూటర్ ఆగింది.

"దిగు" అన్నారు సార్. "పరీక్ష రెండు గంటలకు. ఇప్పుడు బస్సుకు ఉరికితే అందుకుంటవ్."

"చేను సార్..."

"నా సబ్జెక్టు పరీక్ష ఉన్న దినం నన్ను ఆ హాల్ దిక్కు రానియ్యరు. నాకు ఇయ్యాల వేరే పని లేదు. డబ్బా ఎట్ల కొట్టాల్నో చెప్పిపో."

చెప్పాను. వడిసెల ఎట్లా తిప్పాలో కూడా చూపించాను. ఆయన తిప్పితే రాయి వెనక్కి పోయి స్కూటర్ అద్దానికి తగిలింది. "గది వద్దు, డబ్బా చాలు" అన్నారు.

పరీక్షలో పర్యావరణానికీ సమాజానికీ ఉన్న సంబంధం వివరించమనే ప్రశ్న వచ్చింది. నేను రాస్తూనే ఉన్నాను గానీ, కళ్ల ముందు ఇస్త్రీ చొక్కా వేసుకుని మంచె మీద డబ్బా కొడుతున్న మనిషే ఉన్నాడు. ఆ జవాబుకు అదనపు కాగితం అడిగి మరీ రాశాను.

తిరిగొచ్చేసరికి నాయిన కూడా వచ్చి ఉన్నాడు. చేనులో ఒక మూలంతా విరిగి నేలకొరిగింది. సార్ చొక్కా జేబు వేలాడుతోంది. టిఫిన్ డబ్బా మూత వేపచెట్టు మీద ఉంది.

"సారూ, డబ్బా కొట్టలేదా?" అన్నాడు నాయిన, మెల్లగా.

"కొట్టిన. అరిసిన కూడ. మొదలు చిన్నదొకటి వచ్చి నన్ను ఎగాదిగ చూసి పోయింది. పోయి మిగతావాటికి చెప్పినట్టుంది, ఈయన పాఠం చెప్పేటాయన, ఏం చెయ్యడని."

నాయిన పగలబడి నవ్వాడు. అంత నష్టం చూసి కూడా ఆయన అట్లా నవ్వడం నేనప్పుడే చూశాను. నవ్వు ఆగాక సార్ గట్టు మీద కూర్చుని, పక్క చేలు చూపించారు. "ఈ వరుసల ఐదు చేన్లున్నయి. ఐదు మంచెల మీద ఐదుగురు ఆడపిల్లలు. అడవి కొట్టింది వీళ్లు కాదు. జామాయిల్ పెట్టింది వీళ్లు కాదు. కావలికి మాత్రం వీళ్లే దొరికిన్రు."

"మొగోళ్లం పనికి పోవాలె కద సారూ."

"పిల్లది పని కాదా?"

నాయిన గడ్డిపోచ తెంపి నోట్లో పెట్టుకున్నాడు. "ఐదు చేన్లకు కలిపి దినానికి పెద్దోళ్లు ఒక్కరు కూసుంటే సాలు. వంతులు పెట్టుకోండి" అన్నారు సార్. "కోతులు గుంపుగ వస్తయి. మీరే ఒంటరిగ ఉంటున్నరు."

తర్వాతి వారం నుంచి వంతులు మొదలయ్యాయి. సాఫీగా ఏమీ సాగలేదు. రెండో రోజే మా పక్కచేను కాక మంచె మీద గురకపెట్టి పడుకున్నాడు, కోతులు ఆయన చేనే తిన్నాయి. పెద్ద గొడవైంది. అయినా వంతులు నిలబడ్డాయి, నేను కాలేజీకి పోయాను. మిగతా నలుగురిలో ముగ్గురు పోయారు. నాలుగో అమ్మాయికి ఆ సరికే పెళ్లి కుదిరింది. సార్ ఎప్పుడు కలిసినా ముందు ఆమె గురించే అడిగేవారు.

పోయిన నెల చివరిసారి మాట్లాడాను. నేను పనిచేసే ఊరివాళ్లు కోతులను పట్టించి కురవి దిక్కు ఒక ఊళ్లో వదిలి వస్తున్నారనీ, ఆ ఊరివాళ్లు వాళ్ల కోతులను తెచ్చి మా దగ్గర వదులుతున్నారనీ, తోక తెగిన కోతి ఒకటి రెండుసార్లు వ్యాను ఎక్కి తిరిగొచ్చిందనీ చెప్పాను. ఆయన నవ్వీ నవ్వీ దగ్గారు. "దానికి బస్ పాస్ ఇప్పియ్యి" అన్నారు. దగ్గు తగ్గాక, "రెండు ఊర్లను ఒక్క కాడ కూసోబెట్టు బిడ్డా. కోతుల ముచ్చట తర్వాత, ముందుగాల ఛాయ్ తాగిపియ్యి" అన్నారు. ఆ సమావేశం వచ్చే సోమవారం ఉంది. ఏమైందో చెప్పుకోడానికి ఇప్పుడు ఆయన లేరు.

పదకొండో రోజు, సార్ రిటైరయ్యాక స్థిరపడ్డ జనగామ పోయాను. సార్ భార్య నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. అక్కడొక జామచెట్టు, నిండా కాయలు. కోతులు రాకుండా చెట్టు చుట్టూ వల కట్టించింది.

"ఆరేండ్ల సంది ఇదే గోస" అంది. "పొద్దుగాల ఈ మూలకు ముడి ఏస్తుంటి. మాపటికి విప్పి ఉంటుండె. కోతులకు ముడి విప్పుడు ఎవరు నేర్పిన్రని రోజూ మీ సార్ మీదనే అరిసేదాన్ని. ఆయన పేపర్ల తలకాయ పెట్టి, అవి తెలివిగల్లయి అనెటోడు."

నేను వల మూల చూశాను. ముడి గట్టిగా ఉంది.

"పదకొండు దినాలైంది" అంది. "ఒక్కనాడు విప్పలేదు ఎవరు."

గోడ మీద మూడు కోతులు కూర్చుని ఇటే చూస్తున్నాయి. ఆమె ముడిని రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. విప్పలేదు, బిగించలేదు, అట్లనే పట్టుకుని నిలబడింది.