ప్రముఖుల బడికి ముందే చెల్లించిన స్తోత్రం

నేను చదివిన ఇంగ్లండ్ స్కూల్ వెబ్‌సైట్‌లో ప్రముఖ పూర్వ విద్యార్థినుల పేజీ ఒకటి ఉంది. ఆ పేజీని నాకంటే శ్రద్ధగా చదివిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. అతను అమెరికాలో, క్యారీ అనే ఈ ఊళ్ళో, మా వెనక వీధిలో ఉంటాడు. వారమంతా సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు, ఆదివారం మా తెలుగు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. నన్ను అక్కా అంటాడు. ఒక శనివారం భార్యతో కలిసి మా ఇంటికొచ్చి, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, ఫోన్‌లో ఆ పేజీ తెరిచి పెళ్ళిసంబంధం వివరాలు చదివినట్టు పైనుంచి కిందికి చదివాడు. ఒక మంత్రి, ఒక న్యాయమూర్తి, మంచు మీద ధ్రువం దాకా నడిచి వెళ్ళొచ్చిన ఒకావిడ, టీవీలో వంటలు చేసే ఇంకొకావిడ. అంతా అయ్యాక, మర్యాద తెలిసిన మనిషి కనక కాస్త తటపటాయించి, నా పేరు ఎక్కడుందో అడిగాడు. ఇంకా ఎక్కలేదు, ఖాళీ వస్తే కబురు చేస్తామన్నారు అన్నాను. అతను నిజమే అనుకుని తలూపాడు. అతని భార్య మాత్రం నవ్వాపుకోలేకపోయింది.

నేను అక్కడ చదివిన మాట నిజం. కాకినాడలో మా నాన్న పనిచేసే మిషన్ ఆసుపత్రికి వచ్చిపోయే ఒక ఇంగ్లీషు డాక్టరమ్మ పుణ్యమా అని స్కాలర్‌షిప్ దొరికి, పదమూడో ఏట ఆ హాస్టల్లో పడ్డాను. ఆ తర్వాత కాలేజీ, ఆ తర్వాత ఈ నార్త్ కరోలినాలో మందుల కంపెనీ ఉద్యోగం. మాత్ర కడుపులోకి వెళ్ళాక ఎంతసేపటికి కరుగుతుందో చూడటం నా పని. గోడకి పటం కట్టి వేలాడదీసే పనేం కాదు.

వాళ్ళు వచ్చింది కూతురి కోసం. పిల్లకి రెండేళ్ళప్పుడు ఈ దేశం వచ్చారు, ఇప్పుడు దానికి పద్నాలుగు. ఆ స్కూల్‌కి ఆన్‌లైన్‌లో పరీక్ష రాసింది, ఇక ఇంటర్వ్యూ మిగిలింది. దానికి పిల్లని నేను తయారు చేయాలి. ఇంత చిన్నపిల్లని అంత దూరం ఎందుకయ్యా అని అడిగితే అతను ఫోన్ పక్కన పెట్టాడు.

"గ్రీన్‌కార్డ్ డేట్ కదలట్లేదక్కా. ట్వంటీ వన్ దాటితే మా వీసా మీద దాన్ని ఉంచరు, ఏజ్ అవుట్ అయిపోద్ది. అప్పుడు దానికి ఈ దేశం ఉండదు, మన దేశం తెలీదు. ఇప్పుడే ఒకచోట నాటేస్తే అక్కడన్నా వేళ్ళూనుకుంటది గదా."

అప్పటిదాకా అతన్ని ఆటపట్టిద్దామనే కూర్చున్నాను. ఆ మాట విన్నాక ఆటపట్టించాలనిపించలేదు. అతనికి గొప్పవాళ్ళ పిచ్చి అనుకున్నాను గానీ అతనికున్నది భయం. ఆ పేజీ అతనికి ధైర్యం చెబుతోంది, అంతే. సరే, శనివారాలు పంపించమన్నాను.

ఆ స్కూల్ గురించి చెప్పాలంటే పటాలతోనే మొదలుపెట్టాలి. ఇంగ్లండ్ ఉత్తరాన, ఎప్పుడు చూసినా వాన పడుతూ ఉండే ఒక కొండ ఊళ్ళో రాతి భవనం. భోజనాల హాల్లో గోడల చుట్టూ ప్రముఖుల పటాలు. కొత్తగా చేరిన పిల్ల నెల తిరిగేలోగా ఆ పేర్లన్నీ, ఎవరు ఏం సాధించారో సహా, కంఠస్థం చేసి, బెంచీ ఎక్కి అందరి ముందూ అప్పజెప్పాలి. తడబడితే ఇంకో వారం గడువు. ఇంగ్లీషు పిల్లలు బెదిరిపోయేవాళ్ళు. నాకది లెక్కే కాదు. కాకినాడ సండే స్కూల్లో కంఠత వాక్యాల పోటీల్లో ప్రైజులు కొట్టిన నోరు నాది. చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, కీర్తన అప్పజెప్పినట్టు ఊపిరి తిప్పుకోకుండా మంత్రుల్నీ న్యాయమూర్తుల్నీ దించేశాను. కళ్ళు తెరిచేసరికి హాలంతా చప్పట్లు కొడుతోంది. ఆ ఏడాదంతటికీ నాకు దక్కిన మెప్పు అదొక్కటే. పటాల్లో ఉన్నవాళ్ళతో ఉన్నంత చనువు పక్క మంచం పిల్లతో నాకు లేదు.

ఏటా స్థాపకుల దినానికి పటాల్లోంచి ఎవరో ఒకరు మనిషి రూపంలో వచ్చేవాళ్ళు. ఒకసారి న్యాయమూర్తిగారు వచ్చారు. ఎత్తుగా, తెల్లటి జుట్టుతో, చూడముచ్చటగా ఉంది. చేరిన మొదటి ఏడాది బూట్ల గదిలో దాక్కుని రోజూ ఏడ్చేదాన్నని ఆవిడ చెబితే హాలు హాలంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికి ఆ బూట్ల గదిలో ఏడుస్తున్నది నేను.

అప్పుడు తెలియలేదు గానీ ఆ నవ్వు గురించి తర్వాత చాలా ఆలోచించాను. ఆవిడకి ఆ ఏడుపు నవ్వుకునే సంగతి ఎందుకైందంటే, ఆ తర్వాత అంతా బాగానే జరిగింది కాబట్టి. మా తరగతిలోనే ఒక పిల్ల చదువు సగంలో వెళ్ళిపోయింది. సెలవుల తర్వాత మంచం ఖాళీగా ఉంది, ఎందుకని ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల ఏమైందో చెప్పే పేజీ ఎక్కడా లేదు. అలాగని స్కూల్‌ని తిట్టడానికి నాకు నోరు రాదు. మైక్రోస్కోప్‌లో ఉల్లిపొర చూపించి నన్ను ఈ దారిలో పెట్టిన టీచరు అక్కడే ఉంది. ఒంటరిగా ఉండటం ఎలాగో కూడా అక్కడే నేర్చుకున్నాను. అది నాకు ఇప్పటికీ పనికొస్తోంది, అందుకు సంతోషించాలో లేదో మాత్రం తెలియదు.

ఆ అమ్మాయి మూడు శనివారాలు వచ్చింది. చురుకైన పిల్ల, ప్రశ్న వెయ్యకముందే జవాబు చెప్పే రకం. మూడోసారి వంటింట్లో కూర్చుని ఇంటర్వ్యూ ప్రశ్నలు సాధన చేస్తుండగా హఠాత్తుగా పెన్ను పక్కన పెట్టింది. లిస్ట్‌లో లేనివాళ్ళంతా ఏమయ్యారని అడిగింది. నాలాగా మాత్రలు కరిగిస్తున్నారు అన్నాను. మొహమాటానికి నవ్వింది. అక్కడ హ్యాపీగా ఉన్నారా అంది. మొదట్లో కష్టంగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది అని పెద్దవాళ్ళందరూ చెప్పేదే నేనూ చెప్పాను. ఆ పిల్ల టేబుల్ గుడ్డ అంచు మడత పెడుతూ, విప్పుతూ కూర్చుంది.

"నాకు వెళ్ళాలని లేదు ఆంటీ."

మరి నాన్నకి చెప్పావా అని అడిగాను.

"డాడీ ఆల్రెడీ ప్రేయర్ చేశాడు. ఆన్సర్ వచ్చింది అంటున్నాడు. ఇప్పుడు నేను నో అంటే డాడీకి కాదు కదా, గాడ్‌కి నో చెప్పినట్టు కదా."

చిన్నప్పటి నుంచి చర్చిలో పెరిగినదాన్ని, ఆ మాట నాకు కొత్తది కాదు. తల్లితో మాట్లాడతానన్నాను, ఆ సాయంత్రమే మాట్లాడాను. ఆమెకీ ఇష్టం లేదు, నిద్ర పట్టడం లేదంది. కానీ ఆయన ఉపవాసం ఉండి మరీ దేవుణ్ణి అడిగాడు, మధ్యలో నేనేమంటాను అని ఊరుకుంది. అలా ఆ ఇంట్లో ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకోవలసింది మాని దేవుడికి చెప్పుకుంటున్నారు.

మా చర్చి ఒక అమెరికన్ చర్చి భవనంలో, వాళ్ళ ఆరాధన అయిపోయాక, మధ్యాహ్నం జరుగుతుంది. మా పాస్టరు అయ్యగారు వారమంతా ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి, ఆదివారం మాకు వాక్యం చెబుతారు. ప్రసంగానికి ముందు, దేవుడు తమకి చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలు, తర్వాత ప్రార్థన మనవులు. ఆ ఆదివారం సాక్ష్యానికి మొదట లేచింది అతనే. ప్రభువు నామంలో అందరికీ వందనాలు చెప్పి, తన కూతురికి ఇంగ్లండ్‌లో ఎంత గొప్ప స్కూల్లో సీటు వస్తోందో చెప్పాడు. మంత్రి, న్యాయమూర్తి, ధ్రువం, వంటలు, అన్నీ వచ్చాయి. ఇంటర్వ్యూ ఇంకా కాలేదు, అయినా విశ్వాసంతో ముందే స్తోత్రం చెల్లిస్తున్నానన్నాడు. హాలంతా స్తోత్రం అంది.

ఇది మావాళ్ళ అలవాటు. అడిగినది చేతికి రాకముందే వచ్చినట్టు కృతజ్ఞత చెప్పడం. నాకూ ఇష్టమైన అలవాటే, నా పరీక్షల ఫలితాలకి మా అమ్మ అలా ఎన్నిసార్లు చెప్పిందో. కానీ పదిమందిలో ఒకసారి చెప్పాక వెనక్కి రావడం ఉండదు, వస్తే విశ్వాసం లేదన్నట్టు. ఆ పిల్ల రెండో వరసలో ఒళ్ళో చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అతని మీదా, స్తోత్రం అన్నవాళ్ళందరి మీదా కోపం వచ్చింది.

సరిగ్గా అప్పుడే అయ్యగారు నన్ను పిలిచారు. మన మధ్యే ఆ స్కూల్లో చదివిన సహోదరి ఉంది, రెండు మాటలు చెబుతుందన్నారు. మైకు చేతికొచ్చాక ఏదో ఒకటి చెప్పాలి కదా. పటాల సంగతి, బెంచీ ఎక్కి అప్పజెప్పిన సంగతి చెప్పాను. కంఠత వాక్యాల దగ్గర అందరూ నవ్వారు. ఆ ఊపులో బూట్ల గది సంగతి కూడా ఎత్తుకున్నాను, మొదటి ఏడాది రోజూ అక్కడ కూర్చుని ఏడ్చేదాన్నని. ఇంకా గట్టిగా నవ్వారు. ఆ నవ్వు నాకు తెలిసిన నవ్వే. ఇక్కడ వీళ్ళకి పటంలోంచి దిగొచ్చిన మనిషిని నేనే. ఆ పిల్ల తల ఎత్తి నన్నే చూస్తోంది, నవ్వడం లేదు. మిగతాది చెప్పకుండానే మైకు ఇచ్చేసి వచ్చి కూర్చున్నాను. వినయం అనుకున్నారు కాబోలు, చప్పట్లు కొట్టారు.

తర్వాత ప్రార్థన మనవులు. ఒకరి మోకాళ్ళ నొప్పి, ఒకరి వీసా స్టాంపింగ్, ఒకరి చెల్లెలి కాన్పు. ఎవరు ఏం అడిగినా అయ్యగారు దాన్ని మార్చకుండా పైకి చెప్పి ప్రార్థిస్తారు, మేమందరం ఆమెన్ అంటాం. ఇంకెవరైనా ఉన్నారా అని ఆయన అడిగితే రెండో వరసలోంచి ఆ అమ్మాయి లేచింది.

"అందరికి వందనాలు. నాకు ఒక ప్రేయర్ రిక్వెస్ట్ ఉంది. ఇంగ్లండ్ స్కూల్‌కి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. డాడీ శాడ్ అవ్వకూడదు అని ప్రేయర్ చేయండి."

కూర్చుంది. అయ్యగారు దాటవేస్తారేమో, మంచి మాటల్లో చుట్టేస్తారేమో అని నా భయం. దాటవేయలేదు. ప్రభువా, ఈ బిడ్డకి ఆ స్కూల్‌కి వెళ్ళడం ఇష్టం లేదు, తండ్రి బాధపడకూడదని అడుగుతోంది అని ఉన్నదున్నట్టు చెప్పారు. ప్రార్థనప్పుడు వెనక మెల్లగా వినిపించే కీబోర్డు వినిపించలేదు. కళ్ళు తెరిచి చూస్తే అతను చేతులు కీబోర్డు మీదే ఉంచి తల వంచుకుని ఉన్నాడు. అందరం ఆమెన్ అన్నాం. అతను అన్నాడో లేదో నాకు వినపడలేదు.

ఆ అమ్మాయి వెళ్ళలేదు. ఇక్కడే హైస్కూల్‌కి పోతోంది. వీసా భయం తీరిందని కాదు, అది అలాగే ఉంది, ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఇప్పటికీ దాని మాటే వస్తుంది. నేను చెప్పాలనుకున్నది ఆరోజు ఆరాధన అయ్యాక జరిగింది.

అందరూ లోపల పలావు దగ్గర ఉన్నారు. నేను తినలేక పార్కింగ్‌లోకి వచ్చేశాను. మార్చి నెల చివర, కార్లన్నిటి మీదా పసుపు చల్లినట్టు పైన్ చెట్ల పుప్పొడి. అతను నా వెనకే వచ్చాడు. తిడతాడనుకున్నాను, పిల్లకి నేనే నూరిపోశానంటాడనుకున్నాను. అలాంటిదేం లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మిమ్మల్ని పంపేటప్పుడు మీ నాన్నగారు అడిగారా అక్కా? వెళ్తావా అని?"

"లేదు."

"అడిగుంటే?"

"వెళ్తాననే చెప్పేదాన్ని తమ్ముడూ. నాకు వెళ్ళాలనే ఉండేది. అడగలేదు."

మా నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మీద నాకు కోపం లేదు, నా మంచికే చేశాడు, మంచే జరిగింది. అయినా ఆ ఒక్క మాట ఆయన నోట వినాలని నాకు ఇప్పటికీ ఉంటుందని, ఈ వయసులో, ఆ పార్కింగ్‌లో నిలబడితే గానీ నాకే తెలియలేదు.

అతను తన కారు వైపు నడిచాడు. ఆ పిల్ల అప్పటికే వెనక సీట్లో కూర్చుని ఉంది, తల్లి ఫాయిల్ ట్రే పట్టుకుని బయట నిలబడి ఉంది. అతను డ్రైవర్ సీటు తలుపు దాకా వెళ్ళి, ఆగి, వెనక తలుపు తెరిచి కూతురి పక్కన కూర్చున్నాడు.