మామయ్య పూడ్చని కంతలు

పోయిన నెల మామయ్య షెడ్డు చూస్తామని కాలేజీ పిల్లలు కొందరు వచ్చారు. మా దీవుల రాజధాని సువాలో ఎప్పటిలాగే వాన. మామయ్య పోయి చాలా కాలమైనా ఆ షెడ్డు తాళం నా దగ్గరే ఉంది. తలుపు తీయగానే యంత్రాల నూనె వాసన గుప్పుమంది. గోడకు నిలబెట్టిన పాత యుద్ధ విమానం తోకరెక్క మీది కంతల్లో వేలు పెట్టి, "ఇవి తూటాలా ఆంటీ?" అని అడిగిందొకమ్మాయి. కాదమ్మా, మేకులు అన్నాను. పాపం, ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

మామయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, పళ్ళ డాక్టరు. వారమంతా ఊళ్ళోవాళ్ళ పుచ్చిపళ్ళు పూడ్చడం, ఆదివారం విమానాల తుక్కు బాగుచేయడం. యుద్ధం ముగిశాక సైన్యాలు వదిలేసిపోయిన విమానాల రేకులు తాతల కాలంలో ఓడలెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా చెరకు రైతుల ఇళ్ళల్లో కోళ్ళగూటి తలుపులుగా, పందుల తొట్లుగా బతుకుతుండేవి. మామయ్య ఎవరింటికి వెళ్ళినా మనుషుల్ని పలకరించే ముందు రేకుల్ని పలకరించేవాడు. రివెట్ల మధ్య ఎడం కొలిచి, లోపలి పక్క పచ్చరంగు గోకి చూసి, ఇది ఫలానా విమానం, ఫలానా చోటుది అని తేల్చేవాడు. పళ్ళ గార తీసే కొక్కేల్లాంటి పనిముట్లతోనే రివెట్ల చుట్టూ మట్టి తీసేవాడు. వీటికి వేరే సెట్టు ఉందని ఒట్టేసి చెప్పేవాడు గానీ, చుట్టాలం మాత్రం ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళం.

ఆ తోకరెక్క నవువా దగ్గర వరిపొలం బురదలో దొరికింది. దాన్ని కడిగి, వంకరలు తీసి, ఫ్యాక్టరీలోంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలా నిలబెట్టాలని మామయ్య పంతం. అంతా కుదిరింది. ఒక పక్క రేకు మాత్రం లేదు. అది లేని తోకను చూసినప్పుడల్లా అన్నం సయించేది కాదాయనకి. మా దీవులకి స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకి, రాకిరాకిలో మా పెద్దమ్మ ఇంట్లో మారెమ్మ పూజకి వెళ్ళాం. చెరకుతోట పక్కన చిన్న గుడి. అందరం అమ్మవారికి దణ్ణం పెడుతుంటే మామయ్య తలెత్తి కప్పు చూస్తున్నాడు. పొగచూరిన ఆ కప్పే ఆయన వెతుకుతున్న రేకు. ఎప్పుడో మా తాత ఎక్కణ్ణించో మోసుకొచ్చి, తన చేతులతో మేకులు కొట్టి వేసిన కప్పు.

రేకు ఇమ్మని మామయ్య అడిగితే పెద్దమ్మ కాదనలేదు, సరే అనలేదు. "మాతని అడుగు తమ్ముడూ. పువ్వు సీదా పక్క పడితే లేజా. ఉల్టా పక్క పడితే చుప్‌చాప్ కూర్చోని యాంగోనా తాగు" అంది. అమ్మవారి తల మీద మందారం పెట్టి చూస్తే ఎడమవైపు పడింది. మామయ్య చుప్‌చాప్ కూర్చుని, మత్తు వేరు నలిపి పిండిన ఆ యాంగోనా నీళ్ళు తాగాడు. ఆ తర్వాత ఏటా పూజకి, బదులు వేయడానికి జింకు రేకొకటి కారు పైన కట్టుకుని వెళ్ళేవాడు. ఏటా దాన్ని అలాగే వెనక్కి తెచ్చేవాడు. పెద్దమ్మ పువ్వును కాస్త ఎడమకే ఒరిగించి పెడుతోందని నా అనుమానం. చెబితే మామయ్య నవ్వి, "అక్క చెయ్యి కూడా మాత చెయ్యే కదమ్మా" అన్నాడు. తాత వస్తువంటూ పెద్దమ్మకి మిగిలింది ఆ కప్పొక్కటే. అది ఆయనకీ తెలుసు.

ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చింది. రాకిరాకిలో చెరకంతా పడుకుంది, గుడి గోడలు కూలాయి. దారులు తెరుచుకున్నాక పెద్దమ్మ బస్సులో సువా వచ్చింది. చంకలో పాత చీరలో చుట్టిన రేకు.

"గాలికి ఎగిరిపోయి చెరకులో పడింది. ఎగిరేదాన్ని నాయన ఇన్నాళ్ళు ఆపి పెట్టిండు. ఇంక నువ్ లేజా" అంది. టీ కూడా తాగకుండా కళ్ళు తుడుచుకుని కూర్చుంది. మామయ్య వెళ్ళి ఆ జింకు రేకు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. కొత్త గుడికి అదే కప్పయింది.

రేకు తోకకి అతికినట్టు సరిపోయింది. పాత రివెట్ల కంతలన్నీ ఒకదానికొకటి కలిశాయి. మిగిలినవి తాత మేకుల కంతలు, అడ్డదిడ్డంగా. వాటిని పూడ్చి రంగేస్తే పని పూర్తయినట్టే. పూడ్చే మందు కలిపి, చిన్న గరిటెతో తీసి, మామయ్య ఆ కంతల ముందు చాలాసేపు నిలబడ్డాడు. చివరికి మందు గరిటె మీదే గట్టిపడింది. బతుకంతా కంతలు పూడ్చిన మనిషి ఆ కంతల్ని మాత్రం వదిలేశాడు.

రంగు ఆరాక పెద్దమ్మ చూడటానికి వచ్చి, ఒక వంకర కంతలో వేలు పెట్టి, "ఇది నాయన టేఢా కొట్టింది" అని నవ్వింది.

అదంతా ఆ పిల్లకి చెప్పలేదు. మళ్ళీ అడిగితే చెబుదామని తాళం చేత్తో పట్టుకుని కాసేపు ఆగాను. ఆ విమానం ఆకాశంలో ఎన్నాళ్ళు ఎగిరిందో నాకు తెలియదు. దాని రేకు మా వాళ్ళ నెత్తిన నీడగా ఉన్న కాలం మాత్రం అంతకంటే ఎక్కువే.