మెట్లాయన కొన్న సాఫ్ట్‌వేర్

ఊళ్ళో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇద్దరో ముగ్గురో మిగిలారు. వాళ్ళు కూడా కాస్త ఆలోచించి, నాలుక మీదికి తెచ్చుకుని పిలవాల్సిందే. మిగతా అందరికీ ఆయన మెట్లాయన. ఇల్లు కట్టించుకోవాలనుకునేవాళ్ళు కూడా ఆఫీసు గుమ్మంలో నిలబడి, "మెట్లాయన ఉన్నారాండీ?" అని ఆయన్నే అడిగేవాళ్ళు. "ఉన్నాడు, లోపలికి రండి" అనేవాడు ఆయన, ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా.

ఆ పేరు మొదటి ఇంటితోనే వచ్చింది. అప్పటికింకా మీసమైనా సరిగ్గా కుదురుకోలేదు. ఒక బడిపంతులు రెండంతస్తుల ఇల్లు కట్టించమంటే, గోడలూ స్లాబులూ తలుపులూ కిటికీలూ గచ్చులూ రంగులూ అన్నీ కలిపి ఖర్చు ఇంతని నోటితోనే చెప్పేసి పని మొదలుపెట్టాడు. స్లాబులో మెట్ల కోసం ఖాళీ వదిలాడు. ఆ ఖాళీలో వెదురు నిచ్చెన ఉండేది. కూలీలు దాని మీదే ఎక్కేవాళ్ళు, ఈయనా దాని మీదే దిగేవాడు. పంతులుగారు కూడా ఊపిరి బిగబట్టుకుని దాని మీదే ఎక్కి, పైగది చూసుకుని మురిసిపోయేవారు. ఎక్కడానికి ఏదో ఒకటి ఉంది కనక, లేనిదేమిటో ఎవరికీ తోచలేదు. రంగులు కూడా ఆరాక, కూలీలు నిచ్చెన భుజాన వేసుకుని బయటికి నడుస్తుంటే, పంతులుగారి తల్లి కింద నిలబడి తలెత్తి చూసింది.

"నాయనా, మరి పైకి ఎక్కేదెలా?"

చెప్పిన అంచనాలో మెట్లు లేవు. మాట మాటే కనక, ముచ్చటపడి కొనుక్కున్న స్కూటర్ అమ్మి మెట్లు కట్టించాడు. కట్టిస్తే ఎలా కట్టించాడనుకున్నారు! ఆ ముసలావిడ గోడ పట్టుకోకుండా, ఎక్కడా ఆయాసపడకుండా పైకి వెళ్ళి, కిటికీలోంచి వీధిలో పోయే వాళ్ళందర్నీ పేరుపెట్టి పిలిచింది. మెట్లు చూడడానికే జనం వచ్చారు. పేరు స్థిరపడిపోయింది.

అప్పట్నుంచి ఏ ఇంటి ఖర్చు తేల్చినా చివర్లో తనని తనే అడుక్కునేవాడు: "పైకి ఎక్కేదెలా?" ఖాళీ స్థలం మధ్యలో నిలబడి కళ్ళు మూసుకునేవాడు. పెదాలు కదిలేవి. ఇల్లంతా ఆయన తలలోనే పునాదితో సహా లేచేది. కళ్ళు తెరిచాక చేతికి ఏది దొరికితే దాని మీద అంకె రాసేవాడు. ఎక్కువగా దొరికేది వడ్రంగులు చెక్క రుద్దే ఉప్పు కాగితం వెనకవైపు. ఒకసారి ఆయన వడ్రంగి ఒక ఆసుపత్రి అంచనాతో ఏకంగా రెండు తలుపులు నున్నగా రుద్ది పారేశాడు. "తలుపులు మాత్రం బాగా వచ్చాయి" అన్నాడు మెట్లాయన, మళ్ళీ కళ్ళు మూసుకుంటూ.

ఇలా తలతోనే నడిచిన కంపెనీకి చిక్కు ఆయన కూతురి వల్ల వచ్చింది. ఒక్కతే కూతురు, ఇంజినీరింగ్ చదివింది, నాలుగు చోట్ల పనిచేసి రాటుదేలింది. ఇప్పుడు వేరే ఊళ్ళో పెద్ద కంపెనీ ఒకటి రమ్మంటోంది. వారం తిరక్కుండా జవాబు చెప్పాలి. ఆయనకి మాత్రం ఆ పిల్ల తన కుర్చీలో కూర్చోవాలని కోరిక. లేకపోతే తనతోనే ఈ బోర్డు దించెయ్యాలి. ఆ మాట పైకి అనడానికి మొహమాటపడి, అన్నం తింటూ, "ఇక్కడ మాత్రం పనికి కొదవా?" అన్నాడు.

"నాకూ ఇష్టమే నాన్నా. కానీ నీ కంపెనీ అంతా నీ బుర్రలో ఉంది. నీకు జ్వరమొస్తే దానికీ జ్వరమే. ఆ బుర్ర నాకెలా ఇస్తావు చెప్పు?"

ఆయన ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. బాధతో కాదు. ఆ పిల్ల రానని అనలేదు! ఒక లెక్క అడిగింది, అంతే. అడిగిన లెక్కకి జవాబు చెప్పకుండా ఆయన ఏనాడూ ఊరుకోలేదు.

మర్నాడు పొద్దున్నే గడ్డం సగం గీసుకుని, మిగతా సగం నురగతోనే బావమరిదికి ఫోన్ చేశాడు. బావమరిదంటే సైట్ల మీద పని చేయించేవాడు, ఆయనకి కుడిభుజం, నోరు మాత్రం ఎవరికీ లొంగదు.

"ఒరేయ్, మనం బుర్ర కొంటున్నాం."

"ఎవరికి బావా, నీకేనా? ఇన్నాళ్ళకి ఒప్పుకున్నావన్నమాట."

"కంపెనీకిరా! అంచనాలు వేసే సాఫ్ట్‌వేర్ ఉంటుందట. అమ్మేవాళ్ళు ఎవరెవరున్నారో అందర్నీ రమ్మను."

ముగ్గురు వస్తామన్నారు. ఆఫీసంటే ఇంటి ముందు గదే. గోడవారగా తలుపుల నమూనాలు, బల్ల మీద టీ గ్లాసులు పెట్టుకోవడానికి టైల్స్ ముక్కలు, ఒక కాలు పొట్టిదైన కుర్చీ కింద ఇంకో టైల్ ముక్క. మెట్లాయన అదంతా తనే ఊడ్చాడు, తనే తుడిచాడు. బావమరిది రాగానే చెవిలో చెప్పాడు.

"మన పంతులుగారి ఇల్లే చెబుతాను. అన్నీ చెబుతాను, మెట్ల మాట మాత్రం ఎత్తను. ఏది అడుగుతుందో అదే మనది. అమ్మాయికి చెప్పకు."

"అడగకపోతే?"

"అడుగుతుందిరా. అంత డబ్బు పోసి కొనేది మరి దేనికి?"

మొదట వచ్చినాయన మెడలో టై, చేతిలో మెరిసే కాగితాలు. తెర మీద ఇల్లు గిర్రున తిరిగింది, రంగురంగుల చక్రాలు వచ్చాయి, ఖర్చు ఎక్కడెక్కడ పోతుందో ముక్కలు ముక్కలుగా చూపించాయి. మెట్లాయన చిన్నపిల్లాడిలా కుర్చీ ముందుకి జరుపుకుని, "అబ్బ! మళ్ళీ ఒకసారి తిప్పండి" అని మూడుసార్లు తిప్పించుకున్నాడు. చివరికి మొత్తం వచ్చింది. అడగాల్సింది అడగలేదు.

"మరి పైకి ఎక్కేదెలా బాబూ?"

టై కట్టుకున్నాయన తెరకేసి చూశాడు, కాగితాల్లోకి చూశాడు. "మెట్లు మీరు చెప్పలేదు కదా సార్."

"నేను చెప్పను. మర్చిపోతాను. మర్చిపోతాననే కదా కొనేది!"

రెండో ఆయన సాఫ్ట్‌వేర్ ఫోన్లోనే పనిచేస్తుంది. ఇటుక ధర, ఇనుము ధర తనే తెచ్చుకుంటుంది. చెప్పడం పూర్తికాకముందే మొత్తం చెప్పేసింది. చెప్పని వాటి దగ్గర నిబ్బరంగా సున్నా వేసుకుంది.

"చవగ్గా ఉంది బావా, కొనెయ్" అన్నాడు బావమరిది. "ఈ ఇంట్లోవాళ్ళు పైకి ఎగురుతారేమో, మనకెందుకు?"

మెట్లాయన నవ్వలేదు. లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇంకొకటే మిగిలింది. అవతలి గదిలో కూతురు ఎవరితోనో ఫోన్లో "అక్కడ ఇల్లు అద్దెకి దొరుకుతుందా?" అని అడుగుతోంది.

మూడో ఆవిడ వచ్చేసరికి గొంతు పూర్తిగా పోయింది. వారమంతా ఊరూరా తిరిగి ఇదే పాఠం చెప్పీ చెప్పీ బొంగురుపోయిందట. నమస్కారం కూడా సైగతోనే. ల్యాప్‌టాప్ తెరిచి, మీరే కొట్టండన్నట్టు ఆయనవైపు తిప్పింది. ఆయనకి కీబోర్డు మీద ఒక వేలే నడుస్తుంది, అదీ అక్షరం వెతుక్కుంటూ. ఇంతలో లోపల్నుంచి భార్య, "ఆ అమ్మాయికి వేణ్ణీళ్ళు ఇచ్చిరావే, పాపం" అని కూతుర్ని పంపింది. కూతురు గ్లాసు పెట్టి, తండ్రి వేలు కీబోర్డు మీద పడే పాట్లు ఒక నిమిషం చూసింది.

"లే నాన్నా. ఇలా అయితే ఇల్లు కట్టేలోపు కూలిపోతుంది." కుంటికుర్చీలో తనే కూర్చుంది. "చెప్పు."

ఆయన కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. పునాది. గోడలు. స్లాబు. పై గోడలు. ఆ పిల్ల వేళ్ళు వడివడిగా పరుగెత్తాయి. పై స్లాబు. పైగది కిటికీలు రెండు.

"ఆగు నాన్నా."

"ఏం?"

"పైగది రాశాం, కిటికీలు రాశాం. పైకి ఎక్కేదెలా?"

బావమరిది చేతిలో టీ సగం బల్ల మీదికి ఒలికింది. మెట్లాయన కళ్ళు తెరిచాడు. కూతురు ఆయన మొహంలోకి కంగారుగా చూసింది.

"మళ్ళీ మర్చిపోయావా? మెట్లాయనవై ఉండి? అమ్మా, నాన్నని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలే!"

ఆయన రెండు చేతులూ పైకెత్తి గది మధ్యలో ఒక గంతు వేశాడు. ఆ వయసులో, ఆ పొట్టతో. తలుపుల నమూనాలన్నీ టకటకమని కొట్టుకున్నాయి. భార్య గరిట చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "అడిగింది! విన్నావా, అడిగింది!" అని ఆవిడ భుజాలు పట్టి ఊపేశాడు. అసలు సంగతి బావమరిది విప్పాడు. కూతురి కళ్ళు ఎర్రబడ్డాయి.

"అంటే నాకు పరీక్ష పెట్టావా?"

"నీకు కాదే తల్లీ, ఈ డబ్బాకి! నువ్వు మధ్యలో దూరి పాసైపోయావు!"

కోపం పట్టుకుందామని చూసింది గానీ పట్టు దొరకలేదు, ఫక్కున నవ్వేసింది. నవ్వుతూనే గొంతు పోయిన ఆవిడవైపు తిరిగింది. "మరి మీది అడగదా?"

ఆవిడ వేణ్ణీళ్ళు ఒక గుక్క తాగి, గుసగుసగా చెప్పింది. "అడగదండీ. నేర్పితే అడుగుతుంది. మీ ప్రశ్నలు మీరే రాసి పెట్టుకోవచ్చు. అన్నిటికీ జవాబు రాస్తే గానీ మొత్తం చూపించదు."

తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకేసారి తెర మీదికి వంగారు.

"రాయి! మొదటిది, పైకి ఎక్కేదెలా. రెండోది, ఇసుక లారీ ఏ సందులోంచి వస్తుంది. ఇసుక ఎక్కడ పోస్తాం. పక్కింటివాళ్ళు మంచివాళ్ళేనా..."

"అదేం ప్రశ్న నాన్నా?"

"వాళ్ళ గోడవైపు మన పరంజా నిలబెట్టనివ్వకపోతే ఖర్చు ఎంత పెరుగుతుందో తెలుసా? రాయి!"

ఆయన చెబుతూనే ఉన్నాడు, ఆ పిల్ల రాస్తూనే ఉంది. ఇన్నేళ్ళుగా కళ్ళు మూసుకుని ఆయన ఎక్కడెక్కడ తిరిగేవాడో ఇప్పుడామెకి ఒక్కొక్క గదీ కనిపిస్తోంది. మధ్యలో అడగకుండానే తనది ఒకటి చేర్చింది: ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మెట్లాయన అది రెండుసార్లు చదివాడు. పంతులుగారి తల్లి గుర్తొచ్చినట్టుంది. "ఇది నాకు తోచలేదే!"

"చవకది వదిలేసి దీన్నే కొంటారన్నమాట" అన్నాడు బావమరిది.

"దీన్నే, మామయ్యా" అంది కూతురు. తర్వాత తండ్రివైపు తిరిగింది. "ఇవన్నీ ఒక్కరోజులో తేలేవి కావు నాన్నా."

"కావమ్మా."

"ఏడాది పట్టినా పడుతుంది."

"పట్టనీ."

"అయితే వాళ్ళకి ఫోన్ చేసి రానని చెప్పేస్తాను. కానీ ఈ కుర్చీ మార్చు. కుంటికుర్చీలో కూర్చుని నేను కంపెనీ నడపలేను."

ఆయన తన కుర్చీ ఎత్తి తెచ్చి ఆమె దగ్గర పెట్టాడు. కుంటిదాన్ని తను లాక్కుని, కాలి కింది టైల్ సరిచేసుకుని కూర్చున్నాడు. మిగిలిన కాలమంతా ఆ ఆఫీసులో ఆయన కూర్చున్నది దాంట్లోనే.

ఆ కుర్చీ ఇప్పుడు ఖాళీ. దాన్నెవరూ జరపలేదు. కూతురు బోర్డు పెద్దది చేయించింది, సాఫ్ట్‌వేర్‌లో ప్రశ్నలు బోలెడు పెరిగాయి. మొదటిది మాత్రం ఎవరూ కదపరు. రేకుల షెడ్డు కడుతున్నా అడుగుతుంది, కాలవ తవ్వుతున్నా అడుగుతుంది, జవాబు లేనిదే మొత్తం చూపించదు. మొన్న ఎవరిదో ఖాళీ స్థలానికి చుట్టూ ప్రహరీ గోడ కట్టే పని వచ్చింది. బావమరిది అన్నీ నింపి, చివర మీట నొక్కాడు. పైకి ఎక్కేదెలా, అని అడిగింది.

బావమరిది ఖాళీ కుర్చీవైపు ఒకసారి చూసి, ఒక వేలితో, అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు: "దొంగల సంగతి దొంగలే చూసుకుంటారు బావా."

కూతురు భుజం మీంచి వంగి చదివి, చెరిపెయ్యకుండా తనే మీట నొక్కింది. మొత్తం వచ్చింది.