కొంగు చిక్కని అంచు

మొన్న బ్రూక్షాబాద్‌లో బస్సు కోసం నిలబడితే, వెనకనున్న సైన్‌బోర్డుల షాపులో సీఎన్‌సీ రూటర్, అంటే కంప్యూటర్‌తో నడిచే కోత యంత్రం, పలచని అల్యూమినియం రేకును కోస్తూ కనిపించింది. రేకును మూలల్లోనే బిగించారు కాబోలు, మధ్యలో పైకి లేచి దడదడ కొట్టుకుంటోంది, కోసిన అంచంతా గరుకు తేలుతోంది. ఊరుకోలేక లోపలికి వెళ్లి, రేకును కింద చెక్కకు పూర్తిగా అతికించి, పైన కాస్త కిరోసిన్ వేసి నిదానంగా కొయ్యమన్నాను. యంత్రం నడిపే ఆయన నవ్వి, "చల్తా హై దాదా, బోర్డు పైకెక్కాక అంచెవరు చూస్తారు?" అన్నాడు. ఆ మాటకొచ్చిన కోపం ఇంటికొచ్చి అన్నం తిన్నా చల్లారలేదు; నా ఈడు వాళ్లకు చెప్పుకుంటే తప్ప చల్లారేట్టూ లేదు.

మేం హోప్ టౌన్‌లో ఉండేవాళ్లం. శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి ఈ దీవులకు ముందు బావ, తర్వాత అక్క, అక్క వెనకే నేను వచ్చాం. బడి మొహం సరిగా చూడని నాకు బోట్లు బాగుచేసే వర్క్‌షాపులో పని దొరికింది. రేకు పనీ, హిందీ, ఆఖరికి చదవడం కూడా అక్కడే ఎవరినీ అడక్కుండా నేర్చుకున్నాను. బావ డుంగీ, అంటే చిన్న చేపల పడవ, వల లాగిలాగి పక్క చెక్కలు పెళ్లలు లేచిపోతే, వాటి మీద అల్యూమినియం రేకు తొడుగుదామన్నది నేనే. కత్తెరతో పట్టీ కోసి ఓ పక్క బిగించాను కూడా.

వానాకాలమంతా కూర్చుని కొత్త వల అల్లిన అక్క, దాన్ని పడవలోకి ఎక్కించే ముందు తన చీర కొంగు రేకు అంచు మీద వేసి లాగింది. కొంగు చిక్కుకుని పర్రున చిరిగింది.

"ఏట్రా ఇది, రేకా, రంపమా? నా వల దీని మీదకెక్కదు," అని వల ఎత్తుకుని ఇంట్లోకి పోయింది.

తప్పేముంది? అది చిరిగితే ఆ ఏడాదికి ఇంకో వల లేదు, ఇంకో తిండీ లేదు. వానలు వెనకపట్టి మిగతా డుంగీలన్నీ వేటకు పోతున్నాయి. గట్టున బీడీ కాలుస్తున్న బావ, "మీ అక్కాతమ్ముళ్ల తగువు తెగేసరికి చేపలన్నీ నికోబార్ ఎల్లిపోతాయి," అని సణిగాడు.

వర్క్‌షాపులో ఎన్ని రేకులు పాడుచేశానో! పలచని రేకును ఒంటరిగా కోస్తే వంకరపోతుందని, దానికి రెండు వైపులా ఆసరా కావాలని మెల్లగా తోచింది. రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య రేకును పెట్టి గట్టిగా బిగించి, సన్నపళ్ల రంపానికి రేకు పొడి అతుక్కోకుండా కిరోసిన్ రాసి, చెక్కతో సహా కోశాను; పైన ఆకురాయితో అంచంతా నిమిరాను. బిహారు మిస్త్రీ పక్కన నిలబడి, "అరే భయ్యా, రేకు కోస్తున్నావా, పడవకి షాదీ చేస్తున్నావా?" అని ఒకటే నవ్వు.

కొత్త పట్టీలు బిగించాక అక్క మళ్లీ కొంగు లాగింది. ఆ చివరికి వెళ్లి, నా మీద నమ్మకం లేక, ఇటు తిరిగి కూడా లాగింది. ఒక్క పోగు చిక్కలేదు. మెచ్చుకోలేదు సరికదా, వల తెచ్చి నా చేతుల్లో పడేసి, "సూత్తావేటి, ఎక్కించు," అంది. ఆ రోజు బావ వేటకెళ్లాడు.

ఇప్పుడన్నీ ఫైబర్ పడవలు, రేకు తొడిగే పనే లేదు, అక్కా లేదు. యంత్రం మీద నాకు కోపం లేదు. దానికి రేకును సరిగా పట్టి ఇస్తే నా రంపం కన్నా నున్నగానే కోస్తుంది, ఆ వయసులో దొరికి ఉంటే నేను దాన్ని వదిలేవాణ్ణి కాదు. కానీ అప్పుడు నేను ఎవరికోసం కోస్తున్నానో ఆ మనిషి ఒడ్డునే నిలబడి ఉండేది. ఆ షాపులో యంత్రం ఉంది, కరెంటు ఉంది, కావలసినంత రేకు ఉంది. ఇది చాలదు, మళ్లీ కొయ్యమని చెప్పే అక్కే లేదు.