ఒకే డిస్కు మీద ఇద్దరం

కంప్యూటరు గదిలోకి పోవాలంటే చెప్పులు బయట విడవాలి. ఎనభైల చివరి మాట ఇది, హన్మకొండలో ఒక కాలేజీ లైబ్రరీ. బయట ఎండ మాడు పగలగొడుతుంటే లోపల మేమిద్దరం ఏసీ చలికి స్వెట్టర్లు వేసుకుని కూర్చునేవాళ్లం. మమ్మల్ని చూసి ఎవరైనా నవ్వితే నాకు మండేది. నా నోరు మొదటినుంచీ అంతే, ఊరుకోదు. అక్క మాత్రం వాళ్లతో కలిసి తనూ నవ్వేది.

అక్కంటే తోడబుట్టింది కాదు. నర్సంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి, హాస్టల్లో ఉంటూ, నాతోపాటే టెంపరరీగా చేరిన మనిషి. నేనేమో కాశిబుగ్గ మగ్గాల సందుల్లోంచి సైకిలు మీద వచ్చేదాన్ని. లైబ్రరీ పుస్తకాల కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం మా పని. మిషన్లు రెండు, డిస్కు ఒక్కటే. అది మూలనున్న పెద్ద కంప్యూటర్లో ఉండేది. గోడ వెంట లాగిన వైర్లతో ఇద్దరం అందులోని ఒకే ఫైలును తెరిచి పనిచేసేవాళ్లం.

మొదటి వారమే కొంప మునిగింది. పొద్దున ఇద్దరం ఒకేసారి ఫైలు తెరిచాం. ముందు నేను సేవ్ చేశాను, తర్వాత అక్క చేసింది. అక్క మిషన్లో ఉన్నది పొద్దుటి ఫైలు కదా, నేను కొట్టినవి అందులో లేవు. అదే వెళ్లి నా పని మీద కూర్చుంది. ఆఖరున ఎవరు సేవ్ చేస్తే వాళ్లదే మిగులుతుంది, ఆ మిషన్లకు అంతకుమించి తెలివి లేదు. ఏడుపొక్కటే తక్కువ, గదంతా అరిచేశాను.

మర్నాడు ఇంటి నుంచి పాత నాడె ఒకటి తెచ్చాను. మగ్గం మీద దారం పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తే చెక్క నాడె. అది ఎవరి టేబుల్ మీద ఉంటే వాళ్లే ఫైలు తెరవాలి, రెండోవాళ్లు కార్డులు సర్దుకోవాలి. ఇదెక్కడి ఇంజనీరింగు అని మా లైబ్రేరియన్ సార్ వెక్కిరించాడు గానీ, పొరపాటున మళ్లీ ఒక్క కార్డూ పోలేదు. నాడె చేతులు మారినప్పుడల్లా ఏదో ఒక ముచ్చట. ఎక్కువగా వార్డెన్ మీద చాడీలే. ఇంటినిండా మనుషుల మధ్య పెరిగినదాన్నే, అయినా నా మాట అంత ఇష్టంగా విన్నవాళ్లు మరొకరు లేరు.

కార్డులు తరిగేకొద్దీ నాకు గుబులు పట్టుకుంది. పని అయిపోతే అక్కను ఊరికి తీసుకుపోయి మేనబావకిచ్చి చేస్తారు. ఆ బావ మంచివాడేనట, అక్కకు పెళ్లంటే కోపమూ లేదు. ఆ గదిని విడవడమే ఆమె వల్ల కాలేదు. ఊళ్లో ఆమె ఫలానా వాళ్ల బిడ్డ, అంతే. ఇక్కడ సార్ అంతటివాడు కూడా, ఫైలు నీ దగ్గరుందా అమ్మా అని అడిగి ఆగేవాడు.

ఒక శనివారం సాయంత్రం ఆఖరి కార్డు కొట్టి సేవ్ చేశాను. నాడె నా టేబుల్ మీదే ఉంది. అక్క పొద్దున్నే తన మిషన్లో తెరిచి పెట్టుకున్న ఫైలును నా కళ్లముందే సేవ్ చేసింది. ఆ రోజు పనంతా తుడిచిపెట్టుకుపోయింది.

దయ్యం పట్టిందా నీకు అంటూ లేచాను. అక్క తెర మీంచి చూపు తిప్పలేదు.

"రేపు మా నాయిన వస్తాండు చెల్లె. పని ఒడిసిందా అని అడుగుతడు. నాకు అబద్ధమాడుడు రాదు. ఒడవలేదని చెప్పాల్నంటే ఒడవకుండ ఉండాలె గద."

నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు. ఆ నాయిన వచ్చి, సరే అయినంకనే తీస్కపోత అని వెళ్లిపోయాడు. ఒక్కరోజు పనిని వారమంతా ఈడ్చాం. జర జల్ది కానియ్యుండ్రి అని సార్ విసుక్కున్నా నేను విననట్టే ఉన్నాను. మళ్లీ శనివారం వచ్చింది. అక్కే నా టేబుల్ మీంచి నాడె తీసుకుంది.

"ఇగ సాలు చెల్లె" అని, మిగిలిన కార్డులు తనే కొట్టేసింది.

మర్నాడు నర్సంపేట బస్సెక్కింది. నేను బస్టాండుకు పోలేదు. పోతే వాళ్ల నాయినతో గొడవ పెట్టుకునేదాన్ని.

తర్వాత నన్ను పర్మినెంట్ చేశారు. కొన్నాళ్లకు సార్ గదిలోనూ ఒక మిషన్ పెట్టి, కొత్త సాఫ్ట్‌వేర్ వేశారు. ఒకరు తెరిచిన ఫైలును ఇంకొకరు తెరవబోతే మిషనే ఆపుతుంది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చుని ఫైలు తెరవబోతే తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. ఈ ఫైలు ఇప్పుడు ఇంకొకరి దగ్గర ఉంది, ఆగండి అని.

గభాల్న పక్కకు తిరిగాను. అక్క కుర్చీ ఖాళీగానే ఉంది. పక్క గదిలో సార్ తెరిచి ఉంటాడు, ఆ మాత్రం నాకు తెలుసు. వెళ్లి అడిగితే వెంటనే వదిలేసేవాడు. నేను లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, "నువ్వే వాడుకో అక్కా, నాకేం తొందర లేదు" అన్నాను.