మల్లేశం తలలో ఉన్న జాబితా

అరబ్బు దేశపు రేవు మత్రాలోని తెలుగువాళ్ల రక్త సంఘానికి అధ్యక్షుడు మల్లేశమే, కార్యదర్శీ మల్లేశమే, దండోరా వేసేదీ మల్లేశమే. డెబ్బై నాలుగులో పెట్టిందీ ఆయనే. సైట్‌లో ఎవరికైనా దెబ్బ తగిలి ఆసుపత్రిలో రక్తం కావాలంటే, జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఈ మేస్త్రి రూమ్‌ రూమ్‌ తిరిగి సరిపోయేవాణ్ణి పట్టుకొచ్చేవాడు. ముప్పై ఇద్దరి రక్తం గ్రూపులూ ఆయనకు నోటికి వచ్చు. అక్షరం ముక్క రాకపోయినా అంత జ్ఞాపకం ఉన్నందుకు ఆయనకు గర్వం. కాస్త ఎక్కువే లెండి.

అక్కడి ఆసుపత్రి నర్సు సౌభాగ్యమ్మది నరసాపురం. "మేస్త్రిగారూ, పేర్లన్నీ ఒక కాగితం మీద రాయిద్దామండీ. మీరు ఊళ్లో లేనప్పుడు నేనెవర్ని పిలవాలి?" అని ఆమె ఎన్నిసార్లు అడిగిందో.

"నేనుండంగ కాయితమెందుకు సిస్టరమ్మా?" అని నవ్వేసేవాడు.

డెబ్బై ఆరులో కంపెనీ ఆయన్ని పది రోజుల పనికి దూరాన ఉన్న బహ్లా ఊరికి పంపింది. మూడో రోజునే దేవయ్య అనే కూలీ మత్రాలో పరంజా మీంచి పడ్డాడు. ఓ నెగటివ్ కావాలి. అది ఎవరికుందో ఎవరికీ తెలియదు. సౌభాగ్యమ్మ దొరికినవాడికల్లా వేలు పొడిచి చూసింది. రెండు గంటలయ్యాక, విషయం తెలిసి తనంతట తానే పరుగెత్తుకొచ్చిన భీమన్న రక్తం సరిపోయింది. దేవయ్య చావుదాకా వెళ్లి వచ్చాడు.

భీమన్నను ముందే ఎందుకు పిలవలేదంటారా? రూమ్‌లో వంట వంతు దగ్గర తనతో గొడవపడ్డాడని, అంతకు ముందెప్పుడో "వాని రక్తం మనకొద్దు" అనేశాడు మల్లేశం. ఎవరూ ఎదురు చెప్పలేదు. అదే సంఘం తీర్మానమైపోయింది.

మల్లేశం తిరిగొచ్చాక, మొదటి శుక్రవారం నిజాముద్దీన్ చాయ్ హోటల్‌లో ఆసుపత్రిలో ఉన్న దేవయ్య తప్ప అందరూ కూర్చున్నారు. పేర్ల పట్టిక హోటల్‌లోనూ వార్డులోనూ గోడకు ఉండాలని, పిలిచే డ్యూటీ నెలకొకరికి మారాలని, అధ్యక్షుడు ఏడాదికి మించి ఉండకూడదని సౌభాగ్యమ్మ అడిగింది. అందరూ కూర్చుని ఒప్పుకుంటే తప్ప ఎవరి పేరూ కొట్టెయ్యకూడదంది.

"నా సంఘంల మీ పెత్తనమేంది?" మల్లేశం గయ్యిమన్నాడు.

నిజాముద్దీన్ రెండు గ్లాసులు పెట్టాడు. తలా ఒక ఖర్జూరపు గింజ తీసుకుని వేశారు. అవునన్నవి ఇరవై రెండు, కాదన్నవి తొమ్మిది. మల్లేశం చాయ్ వదిలేసి వెళ్లిపోయాడు. ఆ ఏడాదికి సౌభాగ్యమ్మ అధ్యక్షురాలైంది.

ఆరు నెలలు ఆయన సంఘం వైపు కన్నెత్తి చూడలేదు. లోపల మాత్రం ఒకటే భయం, మళ్లీ ఎవరైనా పడితే ఎట్లా అని. ఒకరోజు మళ్లీ బహ్లా పని ముగించుకుని మత్రాలో లారీ దిగుతూనే, సంఘంలో లేని ప్లంబర్ ప్రేమచంద్‌ను బండి గుద్దిందని విన్నాడు. అతనికీ ఓ నెగటివే కావాలట. సిమెంటు చేతులతోనే ఆసుపత్రికి ఉరికాడు.

"కంగారు పడకండి. ఇరవై నిమిషాల్లో మనిషి వచ్చేశాడు" అంది సౌభాగ్యమ్మ. ఆ నెల పిలిచే డ్యూటీ దేవయ్యది. చదువు రానివాళ్లకని పట్టికలో గ్రూపుకొక రంగు చుక్క పెట్టారు. తనకింకా రక్తమిచ్చే శక్తి రాలేదు కాబట్టి, ఓ నెగటివ్‌కు పెట్టిన ఎర్రచుక్క చూసి దేవయ్య భీమన్నను తోలుకొచ్చాడు. మోచేతి మడతలో దూది ఒత్తిపట్టుకుని భీమన్న బెంచీ మీదే ఉన్నాడు.

మల్లేశం గోడ వైపు చూశాడు. "ఈ ఎర్రచుక్కల కాడ ఎవరెవరి పేర్లున్నయి?"

"దేవయ్య, భీమన్న, ఆ తర్వాత మీరు."

"మీటింగుల నుంచి లేచొచ్చినోణ్ణి. నా పేరు తీసెయ్యలే?"

"అందరూ కూర్చోకుండా ఎలా తీస్తామండీ?"

తాను వద్దన్న రూలే తన పేరును కాపాడింది. మల్లేశానికి కళ్లనిండా నీళ్లొచ్చాయి. సిగ్గు, దానికి పదింతల సంతోషం. తాను లేకపోయినా తన సంఘం నడుస్తోంది!

"ఇంకో సీసా కావాల్నట" అన్నాడు భీమన్న. "నా ఎనుక నీ వంతే. చేతులు కడుక్కో పో, మేస్త్రీ."

ప్రేమచంద్ బతికాడు. ఏడాది తిరిగాక సౌభాగ్యమ్మ రూలు ప్రకారం దిగిపోయింది. ఇక అధ్యక్షుడిగా మల్లేశమే ఉండాలని హోటలంతా అరిచింది.

"అరిస్తె ఎట్లయితది? భీమన్నకు గూడ ఒక గ్లాసు పెట్టి గింజలు తెండ్రి!" అని గదిమాడు మల్లేశం.

ముప్పై ఒక్క గింజలు ఆయన గ్లాసులో పడ్డాయి. భీమన్న గ్లాసులో పడింది ఒక్కటే, అది మల్లేశం వేసింది.