తెల్ల రంగేసిన డీజిల్ ట్యాంకు

క్యాంపులో రాజనర్సును పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన బాయిలర్ కాక. దోహా ఊరి అవతల, అల్ వుకైర్ ఇళ్ళు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఉంది ఆ కూలీల క్యాంపు. చలికాలం అక్కడి మూడు వందల మందికి వేడినీళ్ళు కావాలంటే అందరికంటే ముందు ఆయన లేచి బాయిలర్ వెలిగించాలి. అది డీజిల్ బాయిలర్. పక్కనే వంటింటి గోడను ఆనుకుని రెండు వేల లీటర్ల ఇనుప ట్యాంకు. పదిహేడేళ్ళ బతుకు ఆ రెంటి మధ్యే తెల్లారిపోయింది. జగిత్యాల పక్క ఊళ్ళో నాట్లు వేసుకునే మనిషిని తాపీ పని ఇప్పిస్తానని తెచ్చిన ఏజెంటు తీరా డీజిల్ పాలు చేశాడు.

రెండేళ్ళకోసారి సెలవు. ఇల్లు చేరీ చేరగానే భార్య ఎల్లవ్వ చేసే మొదటి పని, ఆయన సంచి గుమ్మం బయటే విప్పి బట్టలన్నీ సోడా వేసి విడిగా నానబెట్టడం. రెండో పని, ఆయన పక్క కిటికీ కిందికి జరపడం.

"దుబాయ్‌ల ఏం పని చేస్తవో గని, కంపు కొడుతున్నవ్" అనేది మొహం మీదే. ఆమెకు ఎడారి దేశాలన్నీ దుబాయే.

రాజనర్సు చెయ్యి వాసన చూసుకునేవాడు. ఏమీ లేదు. "నీ ముక్కుకే రోగమచ్చింది" అని కసిరి, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. రెండేళ్ళకు వచ్చిన మొగుణ్ణి ఇలాగేనా చూసేది అని ఆయనకు ప్రతిసారీ ఒళ్ళు మండేది.

ఈ చలికాలం క్యాంపుకు కరెంటు గీజర్లు వచ్చాయి. మీట నొక్కితే వేడినీళ్ళు. మూడు వందల మందీ సంబరపడ్డారు, ఒక్క రాజనర్సు తప్ప. బాయిలర్ లేని క్యాంపులో బాయిలర్ కాకతో ఏం పని? అనుకున్నట్టే మూడో రోజు క్యాంప్ ఇన్‌ఛార్జ్ గజేందర్ కబురు పెట్టాడు. గజేందర్‌ది కోరుట్ల. ఇస్త్రీ నలగని చొక్కా, మూడు గదుల అవతలికి కొట్టే సెంటు.

"కాకా, బాయిలర్ పాయె. ఇగ నువ్వేం చేస్తవ్ చెప్పు?"

"గట్లంటే ఎట్ల సారు? మా బిడ్డ మాలతి నర్సింగ్ చదువు ఇంక రెండేండ్లున్నది. ఈ రెండేండ్లు ఎట్లనన్న ఉండనియ్యిండ్రి."

"అందుకే పిలిచిన. వంటింటికి నీళ్ళు సాల్తలేవు. ఆ డీజిల్ ట్యాంకు మంచిగ కడుగు, దాన్నే నీళ్ళ ట్యాంకు చేద్దాం. నీళ్ళ డ్యూటీ నీకే."

"దానికి లైసెన్సు బండి వస్తదన్నరు గద సారు? అడుగున మడ్డితోని సహా పట్టుకపోతరని."

"కాగితాల మీద అది ఎప్పుడో పోయింది. నువ్వు మల్ల తవ్వకు. యల్లా, నడు, పని చూడు."

అదీ సంగతి. బండి పిలిపించామని ఆఫీసుకు రాసి పంపాడు, కొత్త ట్యాంకు కొన్నామని కూడా రాసి ఉంటాడు; ఆ రెంటి డబ్బూ తన జేబులోకే. అంత సెంటు పూసుకునేది ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

రాజనర్సు నాలుగు రోజులు ట్యాంకు మూత తీసి ఆరబెట్టి, అయిదో రోజు మొహానికి తువ్వాలు కట్టుకుని లోపలికి దిగాడు. అడుగున జానెడు మడ్డి. నల్లగా, జిగటగా, తుప్పు పెచ్చులూ చచ్చిన బొద్దింకలూ కలిసిన ముద్ద. తట్టతో ఎత్తుతుంటే మోచేతుల దాకా పాకింది. ఎవరికి పుట్టిన బుద్ధి ఇది, ఇందులో అన్నం నీళ్ళు పోయాలని? ఆ మడ్డిని గోడ వెనక గొయ్యి తీసి పోయించాడు గజేందర్. రెండు రోజుల్లో ఇసుక పైకి నల్లటి మరక తేలింది. పిల్లులు దాని మీద నడిచి, ఆ కాళ్ళతోనే వంటింటి గడప తొక్కాయి. ఛీ.

ఇంత రోత పుట్టినా రాజనర్సుకు ఒక ధీమా ఉంది. వాళ్ళ ఊళ్ళో నూనె డ్రమ్ములు, తారు డ్రమ్ములు నీళ్ళకు వాడని ఇల్లు లేదు. లోపల గడ్డి కాల్చి, బూడిదతో తోమి, చింతపండుతో రుద్దితే ఎంతటి వాసనైనా దిగుతుందని పెద్దవాళ్ళు చేయగా చూశాడు. డీజిల్ దగ్గర మంట పెట్టకూడదన్న తెలివి ఉంది కాబట్టి గడ్డి మానేశాడు. సెలవు పూట బస్సెక్కి అల్ దోహా అల్ జదీదాలోని మనవాళ్ళ కిరాణాకు పోయి చింతపండు, శనగపిండి తెచ్చాడు. వంటింటి బొగ్గుల బూడిద ఉండనే ఉంది. మూడు రోజులు అరచేతులు బొబ్బలెక్కేదాకా తోమాడు. ఇంట్లో ఇత్తడి బిందె కూడా ఎవరూ అంత శ్రద్ధగా తోమి ఉండరు.

గజేందర్ వచ్చి పది అడుగుల దూరంలో నిలబడ్డాడు, ముక్కు మీద రుమాలు పెట్టుకుని.

"వాసన చూసి చెప్పు కాకా. డీజిల్ సంగతి నీకంటె ఎక్కువ ఎవలకెర్క?"

రాజనర్సు ట్యాంకులో తల పెట్టి గుండెల నిండా పీల్చాడు. తడి ఇనుము చల్లగా తగిలింది. అంతే.

"ఏం వస్తలేదు సారు."

అబద్ధం ఆడలేదు ఆయన. ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. ముక్కు గజేందర్‌కూ ఉంది, కానీ దాన్ని రుమాలు చాటునే ఉంచుకున్నాడు. మర్నాడు ట్యాంకుకు బయట తెల్ల రంగు వేయించి, నీళ్ళు నింపించాడు.

శుక్రవారం. డ్యూటీ లేదు కనుక అందరూ ఒకేసారి మెస్సులో కూర్చున్నారు. వంటమనిషి తల్హా, బోధన్ వాడు, ఆ నీళ్ళతోనే అన్నం వండాడు. డేగిసా మూత తీసినవాడు తీసినట్టే వెనక్కి తగ్గాడు.

"యా అల్లా! ఏంది ఇది?"

ఆకలి మీద ఉన్నవాళ్ళు ముందే పళ్ళేలు పట్టారు. మొదటి ముద్దకే ఒకడు ఉమ్మేశాడు. ఒకడు నోరు పట్టుకుని బయటికి పరిగెత్తాడు. బల్లల మీద పళ్ళేలు దూరంగా నెట్టేస్తున్న చప్పుడు. రాజనర్సు మాత్రం తింటున్నాడు. ఆయనకు అన్నం అన్నంలాగే ఉంది. పప్పు కలుపుకుని నాలుగో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి మెస్సంతా తననే చూస్తోంది.

గదిలో పక్క మంచం మీద పడుకునే భూమేష్ బల్ల అవతలి నుంచి మెల్లగా అడిగాడు. "కాకా, నీకు నిజంగనే వాసనొస్తలేదా? మొత్తం డీజిలే గద."

రాజనర్సు కలిపిన ముద్ద పళ్ళెంలో వదిలేశాడు. గుమ్మం బయట విప్పిన సంచి, సోడా నీళ్ళు, కిటికీ కింద పక్క అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. ఎల్లవ్వ ముక్కుకు రోగం రాలేదు. పాడైంది తన ముక్కే. పాడైపోయిన ఆ ముక్కును నమ్ముకుని మూడు వందల మందికి డీజిల్ తినిపించాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. చెయ్యి కడుక్కోకుండానే గజేందర్ గదికి పోయాడు.

"సారు, ఆ నీళ్ళు పారబోయిద్దాం. నాకు వాసన తెల్వదు. నేను చెప్పింది తప్పు."

గజేందర్ ఫోన్లోంచి తల ఎత్తలేదు. అతని ముందు హోటల్ నుంచి తెప్పించుకున్న బిర్యానీ పొట్లం ఉంది.

"రెండు రోజులైతే అదే పోతది. పోకున్నా వాళ్ళకే అలవాటైతది. నీకు కాలేదా?"

రాజనర్సు బయటికి నడిచాడు. పనిముట్ల పెట్టె తెరిచి సుత్తీ ఉలీ తీసుకుని ట్యాంకు దగ్గరికి పోయాడు. కిందటి అంచున ఏళ్ళ తరబడి తుప్పు తిన్న చోటు ఆయనకు తెలుసు. ఏడెనిమిది దెబ్బలకు ఇనుము చిరిగింది. నీళ్ళు దుమికి ఆయన మోకాళ్ళు తడిపి, ఇసుకలోకి పారాయి. వాటి మీద రంగురంగుల నూనె తెట్టు తేలడం ఇప్పుడు కంటికి కనిపించింది.

"పిచ్చి లేసిందా? నీ పని ఖతం!" అని గజేందర్ అరుస్తున్నాడు.

"కానియ్యి" అన్నాడు రాజనర్సు, ఇంకో దెబ్బ వేసి.

తల్హా పొయ్యి ముట్టించనన్నాడు. మూడు వందల మంది ఆకలితో ముంగిట్లో కూర్చుంటే ఆఫీసు కదలక తప్పలేదు. నాలుగో రోజున లైసెన్సు బండి వచ్చి, ట్యాంకునూ గోడ వెనక నల్ల ఇసుకనూ ఎత్తుకుపోయింది. గజేందర్‌ను ఇంకో క్యాంపుకు మార్చారు, ఇన్‌ఛార్జ్‌గానే. రాజనర్సుకు మాత్రం కంపెనీ సొత్తు పాడుచేశాడని రాసి విమానం టికెట్టు చేతిలో పెట్టారు. న్యాయం మీద కూడా ఉమ్మేయాలనిపించే రోజులుంటాయి. మాలతి చదువు ఇంకా రెండేళ్ళు అలాగే ఉంది.

బయల్దేరే రోజు పొద్దున ఆయన సంచి తెచ్చి తల్హా ముందు కుమ్మరించాడు.

"తల్హా, నీ ముక్కు మంచిది. ఏ అంగీ వాసనొస్తలేదో అది తీసి పక్కకు పెట్టు. గవ్వే తీసుకపోత."

తల్హా ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని కింద వేశాడు. ఉతికినవి, ఉతకనివి, ఇంటికి వెళ్ళడానికని దాచుకున్న కొత్త అంగీ కూడా. చివరికి పక్కన పెట్టింది ఒక్కటీ లేదు. లేచిపోయి తన పెట్టెలోంచి రెండు చొక్కాలు, ఒక లుంగీ తెచ్చి ఖాళీ సంచిలో వేశాడు.

రాజనర్సు చెయ్యి చాపాడు. "మరి ఇది?"

తల్హా ఆ చేతిని ముక్కు దాకా తీసుకుపోలేదు. రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు.

"చాయ్ తాగి పోదువు, పా అన్నా" అన్నాడు.